గైడ్స్ పిల్లలతో అతిథులకు బొకేలు ఇప్పించడం నాయకత్వం నేర్పడమేనా?

సైన్సు మేడం:
జడ్పీ హైస్కూల్లో గైడ్ కెప్టెన్‌ని. మా బడిలో స్కౌట్సూ (అబ్బాయిలు) ఉన్నారు, గైడ్సూ (అమ్మాయిలు) ఉన్నారు. ఏ కార్యక్రమమైనా ఒకటే వరస: అబ్బాయిలు జెండా దగ్గర, కవాతులో ముందు, మా పిల్లలు గేటు దగ్గర పన్నీరు బుడ్లు, బొకేలు పట్టుకుని. ఈ జనవరి 26కి అలా పంపనని చెప్పాను. "అతిథి మర్యాద కూడా బాధ్యతే కదమ్మా" అంటున్నారు మా హెడ్‌మాస్టరు. మీరేమంటారు?

రిటైర్డ్ పీఈటీ:
అంత పంతం ఎందుకమ్మా? నలుగురిలో నోరు విప్పని పిల్ల డీఈవో గారికి సెల్యూట్ కొట్టి, పేరు చెప్పి, వేదిక దాకా తీసుకెళ్ళిందంటే తక్కువ సంగతా? పనిలో ఎక్కువ తక్కువలు ఉన్నాయని వాళ్ళకి మనమే నూరిపోస్తున్నాం.

మాజీ పెట్రోల్ లీడర్:
సార్, అంత మంచి పనైతే అబ్బాయిల చేతికీ ఒక పన్నీరు బుడ్డి ఇవ్వండి, చూద్దాం.
నేను నేర్చుకున్నదంతా క్యాంపులోనే. మాది మల్లె పెట్రోల్, అంటే గైడ్స్‌లో ఒక చిన్న జట్టు, ఎనిమిది మందిమి. నేను లీడర్ని. బియ్యం, పప్పు, నూనె కొలిచి ఇచ్చేవారు. పొయ్యి మేమే పెట్టుకోవాలి, ఎవరేం చేయాలో నేను చెప్పాలి. నా ప్రాణ స్నేహితురాలు నీళ్ళకి వెళ్ళనని కూర్చుంది. ఊరుకుంటే మిగతా ఆరుగురూ నన్ను లెక్కచేయరు, గట్టిగా అంటే స్నేహం చెడుతుంది. కెప్టెన్ మేడం పక్క టెంట్లోనే ఉండి అంతా వింటున్నారు. రాలేదు. చివరికి రేషన్ అట్టపెట్టె చింపి వంతులు రాశాను. నీళ్ళకి మొదటి పేరు నాది, రెండోది దానిది. సణుగుతూనే బిందె ఎత్తింది. మేడం వచ్చి సర్దిచెప్పి ఉంటే నేను క్యాంపు చూసి వచ్చేదాన్ని, అంతే.

చరిత్ర పిచ్చోడు:
చిన్న ముచ్చట. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌట్ల ర్యాలీ పెడితే, కొందరు అమ్మాయిలు తామూ స్కౌట్లమేనంటూ పిలవని పేరంటానికి వచ్చేశారు. వాళ్ళని కాదనలేకే 1910లో గైడ్స్ పుట్టింది, స్కౌట్స్ మొదలుపెట్టిన బేడెన్ పోవెల్ చెల్లెలు ఆగ్నెస్ చేతుల మీదుగా. మన దేశంలో మొదటి గైడ్ కంపెనీ (గైడ్స్ దళం) 1911లో, జబల్‌పూర్‌లో. అలాంటి పిల్లల పేరు చెప్పుకుని మనం గేటు దగ్గర వరస కట్టిస్తున్నాం!

ఒక తండ్రి:
చరిత్ర బాగానే ఉంది. మాది తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. రాత్రిళ్ళు క్యాంపంటే నాకు ధైర్యం చాలదు. బాత్రూముకి తలుపుందో లేదో తెలియదు. అబ్బాయిల నాన్నలు ఈ మాట అడగరని మీరు అనొచ్చు. అయినా నా భయం నాది.

సైన్సు మేడం:
మీ భయాన్ని కొట్టిపారేయనండీ. నేను పిల్లల పక్కనే పడుకుంటాను, లేకపోతే క్యాంపు లేదు. ముందురోజు వచ్చి మీరే స్థలం చూసుకోండి. తలుపు లేకపోతే పంపొద్దు, నేనూ తీసుకెళ్ళను. కానీ అదే నెపంతో బడిలో కూడా పెత్తనం ఇవ్వకపోతే ఎలా?

రిటైర్డ్ పీఈటీ:
సరే, మనమే వాదించుకుంటున్నాం. కోర్ట్ ఆఫ్ ఆనర్, అదే పెట్రోల్ లీడర్లు కూర్చుని నిర్ణయాలు తీసుకునే సభ, ఉన్నదెందుకు? వాళ్ళని కూర్చోబెట్టి అడిగారా? వాళ్ళేమంటే అదే చేయండి. మీకు నచ్చకపోయినా సరే.

సైన్సు మేడం:
ఇవాళ కూర్చున్నారు సార్. నేను పక్కన కూర్చుని నోరు కట్టుకున్నాను, కష్టమే అయింది. స్వాగతం మానేద్దామంటారనుకుంటే, ఇద్దరు చేస్తామన్నారు. ఒకటే షరతు, వరసలో సగంమంది స్కౌట్లు నిలబడాలి. మూడో అమ్మాయి జెండా పని తనకే కావాలంది. నాలుగో అమ్మాయి ఆ రోజు రానే రానంది, మిరప కోతలట. రమ్మని బతిమాలలేదు, ఆ పూట కూలి సంగతి నాకు తెలుసు.

రిటైర్డ్ పీఈటీ:
జెండా అడిగిన పిల్లని శనివారం సాయంత్రం నా దగ్గరికి పంపండి. జనవరి 26న జెండా పైనే కట్టి ఉంటుంది, తాడు లాగితే విచ్చుకోవాలి. మడత తప్పితే అతిథి లాగుతూనే ఉంటాడు, పూలు రాలవు. ముడి వదులైతే ఆయన రాకముందే విప్పుకుంటుంది. రెండూ చేయించి చూపిస్తా. వరసలో నిలబడమని స్కౌట్లకి చెప్పడం మాత్రం మీ తలనొప్పే, వాళ్ళ మాస్టరు నా మాట వినడు.