సరదాకి గిటార్ వాయించేవాళ్లకి థియరీ అవసరమా?

అరండల్‌పేట_స్ట్రమ్మర్: మాది గుంటూరు. ఆఫీసు అయ్యాక కాసేపు వాయించుకుంటాను. యాప్‌లో కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) చూసి పాటలు లాగించేస్తున్నాను. ఇప్పుడు మాస్టారు థియరీ క్లాసు వేరే, ఫీజు వేరే అంటున్నారు. కట్టాలా? బ్రోడీపేట వైపు మంచి తీగలు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి.

బెంజిసర్కిల్_బాబు: శుద్ధ దండగ. నాచేత నెలల తరబడి స్టాఫ్ నోటేషన్ (గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) రుద్దించారు. ఇంట్లోవాళ్లకి ఒక్క పాట వినిపించింది లేదు.

కాపో_రాణి: నోటేషన్ ఒక్కటే థియరీ కాదు బాబుగారూ. మా ఆడపడుచు ఆరున్నర శ్రుతిలో పాడుతుంది, అంటే ఎ షార్ప్. గిటార్ మెడ మీది గళ్లలో, అంటే ఫ్రెట్‌లలో, మూడోదాంట్లో కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి జి స్కేల్ కార్డుల షేపులే పట్టుకుంటాను. ఫ్రెట్‌కి అర స్వరం పెరుగుతుందన్న లెక్క తెలిస్తే పెళ్లింట్లో ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా టెన్షన్ లేదు.

పెంటాటోనిక్_కింగ్: ఇవన్నీ ఎందుకండీ? మైనర్ పెంటాటోనిక్ అనే ఐదు స్వరాల స్కేలు ఒక్కటి చాలు. అదే మన హిందోళం. ఆర్కెస్ట్రాల్లో లీడ్ వాయించి వాయించి చెప్తున్నా.

కృష్ణలంక_వీణ: అయ్యా, హిందోళంలో పంచమం (ప) ఉండదు. మీరు చెప్పేది శుద్ధ ధన్యాసి. ఎ షడ్జమం (స) అయితే ఎ, సి, డి, ఇ, జి. అందులో పంచమమైన ఇ తీసి ఎఫ్ పెడితే అప్పుడు హిందోళం.

పెంటాటోనిక్_కింగ్: స్టేజీ ఎక్కినవాడికే పాఠాలా? చప్పట్లు కొట్టే జనం పంచమం ఉందా లేదా అని చూడరు మేడమ్.

కృష్ణలంక_వీణ: పక్కన వయొలిన్ వాయించేవాళ్లు చూస్తారు. అసలు గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) లేకుండా ఐదు స్వరాలు గబగబా దొర్లిస్తే అది స్కేలు, రాగం కాదు.

సత్యనారాయణపురం_కుర్రాడు: కొట్టుకోకండి. మోహనం సి, డి, ఇ, జి, ఎ. ఇవే స్వరాలకి డి షడ్జమం అయితే మధ్యమావతి, ఇ అయితే హిందోళం, జి అయితే శుద్ధ సావేరి, ఎ అయితే శుద్ధ ధన్యాసి. గాత్రం క్లాసులో గ్రహభేదం అంటారు. గిటార్‌వాళ్లు ఐదు బాక్సులు (మెడ మీద వేళ్లు పెట్టే నమూనాలు) అని బట్టీపట్టేది వీటినే.

పెంటాటోనిక్_కింగ్: చూశారా! హిందోళం ఉందన్నానా లేదా?

కృష్ణలంక_వీణ: ఇ నుంచి ఉంది, ఎ నుంచి కాదు. మీకో దండం.

బెంజిసర్కిల్_బాబు: ఇంత శాస్త్రం చెప్పారు, ఒక్క వేలితో తీగలన్నీ నొక్కాల్సిన ఎఫ్ బారె కార్డు పట్టలేక నా చూపుడువేలు పోతోంది. దానికేమైనా ఉందా?

కాపో_రాణి: ఉంది. పాట సి స్కేల్‌లో ఉంటే ఐదో ఫ్రెట్‌లో కాపో పెట్టి జి షేపులతో వాయించండి. ఎఫ్ వచ్చే చోట సి పడుతుంది. థియరీ అంటే ఇదే మరి. స్ట్రమ్మర్ గారూ, దీనికి విడిగా ఫీజెందుకు, పాట నేర్పేటప్పుడే చెప్పమని మాస్టారిని గట్టిగా అడగండి.

తెనాలి_తీగలు: మన ఉక్కపోతకి, చేతి చెమటకి ఏ స్టీలు తీగలైనా తుప్పుపడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవండి. అన్నట్టు నా దగ్గర నైలాన్ తీగల గిటార్ ఒకటి ఖాళీగా ఉంది, ఇచ్చేస్తాను.

బెంజిసర్కిల్_బాబు: ఎంతకిస్తారు? దాంట్లో ఎఫ్ తేలికా?