‘పొర’ అందామా, ‘దొంతర’ అందామా?

సభ్యులకు నమస్కారం. డిస్కు నిల్వ గురించి నేను రాసిన వివరణలో ‘లేయర్’ అనవలసిన చోటల్లా ‘దొంతర’ అన్నానని, ‘పొర’ అనే తేలిక మాట ఉండగా ఇదెందుకని ఒకరు అడిగారు. గిడుగు వారు బడిలో పాఠం చెప్పిన పర్లాకిమిడిలో ఉంటూ ‘స్తరీకరణ’ వంటి సమాసం కట్టడానికి నాకు మనసొప్పలేదు సరే. ‘పొర’ను ఎందుకు వదులుకున్నానో చెప్పాలంటే మా ముద్రణ దుకాణంలో పడిన తంటా ఒకటి చెప్పాలి.

పొర కప్పేది. ఉల్లిపొర అయినా, కంటిపొర అయినా ఒక వస్తువును అంటిపెట్టుకొని ఉంటుంది. దొంతర తీరు వేరు. మా అమ్మమ్మ వంటగది మూలన కింద బియ్యం కుండ, దాని మీద కందిపప్పు కుండ, అన్నిటికీ పైన చింతపండు ముంత ఉండేవి. బియ్యం కావలసినప్పుడల్లా ఆమె ముంతను దించి, పప్పు కుండను దించి, చేట నింపుకొని, మళ్ళీ అదే వరుసలో పేర్చేది. ఆమె దాన్ని దొంతి అనేది. మాట వెంట దాని క్రియలు కూడా వస్తాయి: పొరను ఒలుస్తాం, దొంతరను పేరుస్తాం, దించుతాం, ఒక్కోసారి కూలదోస్తాం. యంత్రం మొరాయించినప్పుడు పనికివచ్చేవి ఈ రెండో రకం క్రియలే.

మా లినక్స్ యంత్రంలో రెండు పెద్ద డిస్కులు, వాటి రాతలను ముందుగా అందుకొనే వేగమైన ఎస్‌ఎస్‌డీ ఒకటి ఉన్నాయి. ఆ రెండు డిస్కుల్లో ప్రతిదాని మీద బీక్యాష్ (ఎస్‌ఎస్‌డీని డిస్కుకు కాష్‌గా, అంటే తాత్కాలిక నిల్వగా వాడే ఏర్పాటు), దాని మీద లక్స్ అనే గుప్తీకరణ, ఆ రెండు వరుసలనూ కలుపుతూ పైన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ (ఫైళ్ళను అమర్చే ఏర్పాటు) రెయిడ్ 1 అనే జంట ప్రతుల పద్ధతిలో ఉంటాయి కనుక, ప్రతి ఫైలుకూ రెండు ప్రతులు రెండు డిస్కుల్లో ఉంటాయి. గుప్తీకరణ కాష్‌కు పైన ఉండడం వల్ల ఎస్‌ఎస్‌డీలోకి చేరేది కూడా తాళం పడిన సమాచారమే. వరుస తిరగేసి, ఎస్‌ఎస్‌డీకి వేరే తాళం వేయకపోతే అదే సమాచారం అక్కడ తెరిచిన పుస్తకంలా పడి ఉంటుంది.

పోయిన వర్షాకాలంలో పెళ్ళి ఆల్బమ్ ఫైళ్ళు పెద్ద మొత్తంలో ఎక్కిస్తుండగా యంత్రం బిగుసుకుపోవడం మొదలైంది. ఒక్కో డిస్కు మూడు పొరల్లో విడిగా చుట్టి ఉందనే ఊహతో నేను మొదట గుప్తీకరణను, తరువాత మెమరీని అనుమానించి రెండు రోజులు పోగొట్టుకున్నాను. మూడో రోజున కెర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ వంటి ప్రోగ్రామ్) రాసుకొనే చిట్టా నిదానంగా చదివితే, రెండు డిస్కుల వైపు నుంచీ దోషాలు ఒకే క్షణంలో నమోదై ఉన్నాయి. వేరువేరు సంవత్సరాల్లో కొన్న డిస్కులు కూడబలుక్కొని ఒకే క్షణాన చెడవు కదా! డిస్కుల అమరికను చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే అనే ఆదేశం గీసిన చెట్టులో ఎస్‌ఎస్‌డీ కింద రెండు బీక్యాష్ పేర్లూ వేలాడుతున్నాయి. రెండు దొంతరలూ ఒకే కుండ మీద ఆనుకొని ఉన్నాయన్నమాట. కాష్ రైట్‌బ్యాక్ పద్ధతిలో ఉండడం వల్ల, డిస్కుకు ఇంకా చేరని రాతలు ఎస్‌ఎస్‌డీలో మాత్రమే ఉండేవి; వదులైన కేబుల్ వల్ల అది తప్పుకోగానే బీక్యాష్ రెండు పరికరాలనూ ఆపివేసేది, జంట ప్రతులు రెండూ ఒకేసారి కనుమరుగయ్యేవి.

కేబుల్ మార్చి, కాష్‌ను రైట్‌త్రూ (డిస్కుకు చేరాకే రాత ముగిసిందనే) పద్ధతికి తిప్పి, దాని స్థితి ‘డర్టీ’ (డిస్కుకు చేరని రాతలున్నాయి) నుంచి ‘క్లీన్’ (అన్నీ చేరాయి) అయ్యేవరకు ఆగి, ఆ తరువాతే కాష్‌ను విడదీసి, స్క్రబ్ అనే తనిఖీ నడిపి ప్రతులను సరిచూసుకున్నాను.

రాయగడ నుంచి ఒక సభ్యుడు: మీ ఉపమానం మీకే అడ్డు తగులుతోందండీ. దొంతరలో నడిమి కుండను లాగితే పైవి పగలాలి. మీరేమో పైనున్న గుప్తీకరణను, ఫైల్‌సిస్టమ్‌ను దించకుండానే కాష్‌ను విడదీశానంటున్నారు.

పర్లాకిమిడి నుంచి జవాబు: నిజమేనండీ, అక్కడ నేను తడబడ్డాను. దొంతరలో నిలిచి ఉండేది బీక్యాష్ పరికరం మాత్రమే. ఎస్‌ఎస్‌డీ దానికి పక్కన ఉండే అరుగు. బస్తాలను అరుగు మీద దించి ‘లోపల పెట్టేశాం’ అని యజమానికి చెప్పడం రైట్‌బ్యాక్, కొట్టులో, అంటే డిస్కులో, చేర్చాకే ఆ మాట చెప్పడం రైట్‌త్రూ. మా రెండు కొట్లకూ ఒకే అరుగు ఉండడమే అసలు చిక్కు. మిగతా వాటికి దొంతర నియమం అక్షరాలా చెల్లుతుంది: ఫైల్‌సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేయనిదే (వాడుక నుంచి దించనిదే) లక్స్‌ను మూయలేం, లక్స్‌ను మూయనిదే బీక్యాష్‌ను ఆపలేం. ‘పొర’ అని ఉంటే మీకు ఈ ఆక్షేపణ తోచేదే కాదు, నాకు అరుగు గుర్తొచ్చేదే కాదు.

ఇంకొక మాట. దొంతరకు ఇంగ్లీషు మాట ‘స్టాక్’; కెర్నెల్ తన లెక్కలు పేర్చుకొనే చిన్న మెమరీ ముక్కను కూడా అలాగే అంటారు. నిల్వ దొంతర ఎత్తు పెరిగే కొద్దీ ఈ రెండో దొంతర పొర్లిపోయే ప్రమాదం ఉండేది. 64 బిట్ల ఇంటెల్ తరహా యంత్రాలకు 2014లో 3.15 కెర్నెల్ దాన్ని 8 కిలోబైట్ల నుంచి 16 కిలోబైట్లకు పెంచింది. రెండింటికీ ‘దొంతర’ చక్కగా సరిపోతుంది. కాష్‌ను ‘క్యాష్’ అని పలికినప్పుడు మాత్రం మా గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆయన ప్రతిసారీ తలెత్తి చూస్తారు, దానికి నా దగ్గర మందు లేదు.

ఇప్పుడు యంత్రం పక్క గోడకు రెండు దొంతరలు, ఒక అరుగు గీసిన కాగితం అంటించి ఉంది. మా ఒడియా కుర్రవాడు దాని మీద తన లిపిలో, దొంతరకు తన మాటగా, ‘థాక’ అని రాసుకున్నాడు.