అందరూ ఏడుస్తుంటే నేను ఫ్యాను వంక చూస్తూ కూర్చుంటాను

గుంటూరు పిల్ల:

అందరికీ వందనాలు. ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగా తెలియకే అడుగుతున్నాను.

నాకు 34 ఏళ్లు. గుంటూరు దగ్గర లూథరన్ కుటుంబం మాది. పసిపాపగా ఉన్నప్పుడే బాప్తిస్మం, సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ప్రైజులు, క్రిస్మస్ డ్రామాలో వరసగా మూడేళ్లు గొర్రె వేషం. పెళ్లయ్యాక మియాపూర్ వచ్చాం. ఇక్కడ ఒక పెద్ద సంఘానికి వెళ్తున్నాం. ఆరాధన మొదలైన కాసేపటికి లైట్లు తగ్గిస్తారు, కీబోర్డు మెల్లగా మోగుతుంటుంది, "ఆయన ప్రేమను ఇప్పుడే అనుభవించు" అంటారు. చుట్టూ అందరూ చేతులెత్తి ఏడుస్తుంటారు. నేను మాత్రం పైన తిరిగే ఫ్యాను వంక చూస్తూ, ఇంటికెళ్లి మినప్పప్పు నానబెట్టాలి కదా అనుకుంటూ కూర్చుంటాను.

నిరుడు నాన్న 21 రోజులు ఐసీయూలో ఉండి పోయారు. అప్పటినుంచి మరీ ఎక్కువైంది. ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడుతున్నట్టే ఉంటోంది. సంఘంలో ఒక అక్కకు చెబితే "నీలో ఒప్పుకోని పాపం ఏదో ఉందమ్మా" అంది. కూర్చుని వెతికాను. ఐదో తరగతిలో పక్కపిల్ల రబ్బరు కాజేసిన సంగతి దాకా ఒప్పుకున్నాను. ఏమీ మారలేదు.

దేవుడు ప్రేమిస్తున్నాడని తెలుసు. అడిగితే వచనాలు కూడా అప్పజెబుతాను. అనుభవం అంటారే, అదే లేదు. మీలో ఎవరికైనా ఇలా ఉందా?

ప్రార్థనా వీరుడు:

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. మూడు రోజులు ఉపవాసం ఉండి తెల్లవారుజామున నాలుగింటికి మోకరించండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. నాకు అలాగే దొరికింది. 2011లో ఒక రాత్రి ఏడ్చి ఏడ్చి చొక్కా తడిసిపోయింది. అడగండి, తప్పకుండా ఇస్తాడు.

ఒంగోలు నర్సమ్మ:

అమ్మాయ్, ముందు ఒక మాట చెప్పు. రాత్రిళ్లు నిద్ర పడుతోందా? అన్నం సహిస్తోందా? 33 ఏళ్లు నర్సుగా చేశాను, అందుకే అడుగుతున్నా. ఇంట్లో మనిషి పోయి ఏడాదైనా ఇలా మొద్దుబారినట్టే ఉంటే ఒకసారి డాక్టరుకు చూపించుకో. అది విశ్వాసం తక్కువై వచ్చేది కాదు. పైన తమ్ముడు తన అనుభవం చెప్పాడు, దాన్ని నేను కాదనను. నువ్వు మాత్రం ఇప్పుడు కడుపు మాడ్చుకోకు. బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకుంటే దూత వచ్చి ప్రసంగం చేశాడా? నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. చిన్నప్పటినుంచి ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే. మా ఆయన పోయాక గానీ ఆ రెండోసారి తినమనడం నా కంట పడలేదు.

మాది బాప్టిస్టు సంఘం. 1876 నాటి పెద్ద కరువులో మా ముత్తాత తండ్రి బకింగ్‌హాం కాలవ తవ్వాడని ఇంట్లో చెప్పుకుంటాం. మిషనరీ క్లౌ దొర ఆ కాలవలో కొన్ని మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పనీ కూలీ ఇచ్చాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, ఊరి బావి దగ్గరికి రానివ్వని జనం. కూటికోసం మతం మారారనే మాట రాకూడదని ఆయన ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కాలవ పని అయిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారట. (అంత జాగ్రత్తపడినా బియ్యం క్రైస్తవులనే మాట మనకు తప్పలేదు, అది వేరే కథ.)

ఆ రోజు నీళ్లలో మునిగి లేచినప్పుడు ఆ పెద్దాయనకు ఒళ్లు పులకరించిందో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తరతరాలుగా చెప్పుకునేది ఒక్కటే. సాయంత్రం కూలి లెక్కపెట్టి చేతిలో పెట్టారని. దూరం నుంచి విసరలేదని.

మా ఆయన పోయాక ఆరేళ్లు నాకూ గోడే. అయినా నెలకో ఆదివారం గుడిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లేదాన్ని. ఒక రొట్టెముక్క, చిన్న గ్లాసులో గుక్కెడు ద్రాక్షరసం. ఏమీ అనిపించేది కాదు. ఒకసారి రసం తెల్లచీర మీద ఒలికితే ఆ రోజంతా ఆ మరక గురించే దిగులు. యేసయ్య "తీసుకొని తినుడి" అన్నాడు గానీ తిన్నాక నీకేమనిపించిందని అడగలేదు కదా. స్పృహలో లేని రోగికి సెలైన్ ఎక్కుతున్నట్టు తెలుస్తుందా? ఎక్కుతూనే ఉంటుంది. ఆరేళ్ల తర్వాత ఏదో ఒక రోజు వెలుగొచ్చిందని చెప్పను. ఎప్పుడు తగ్గిందో నాకే తెలియదు.

గొర్రె వేషం మాట చదివి నవ్వుకున్నాను. మా మనవడిదీ అదే వేషం.

పల్లె పాస్టరు:

నర్సమ్మ గారు అన్నదానికి కొంచెం కలుపుతాను. అనుభూతిని మరీ తీసిపారేయలేం. దేవుని ప్రేమ మన హృదయాల్లో "కుమ్మరింపబడియున్నది" అని పౌలు రోమా పత్రికలో రాశాడు. కుమ్మరిస్తే తడి తగలాలి కదా అని మీరు అడగడం న్యాయమే.

అయితే మేం ప్రసంగాల్లో సగమే చెబుతాం. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీకి 1738 మే 24న లండన్‌లో, ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో గుండె వింతగా వెచ్చబడిందని ప్రతి పాస్టరూ చెబుతాడు, నేనూ చెప్పాను. ఎనిమిది నెలలైనా కాకముందే, 1739 జనవరిలో, నేనిప్పుడు క్రైస్తవుణ్ని కాను, దేవుని మీద నాకు ప్రేమ లేదు అని అదే మనిషి తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ పేజీ జోలికి ఎవరం వెళ్లం. అలాగే బైబిల్లో 88వ కీర్తన. చీకట్లోనే మొదలై చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో ఒక్క స్తోత్రం కూడా ఉండదు. సంఘం ముందు తన అనుభవం చెప్పుకునే సాక్ష్యంలో అలాంటిది చెబుతానని ఎవరైనా లేస్తే మైకు ఇస్తామా? ఇవ్వం. ఆ తప్పు మాది. మీకు పాపం అంటగట్టిన అక్క కూడా మా దగ్గర నేర్చుకున్నదే చెప్పి ఉంటుంది.

గుంటూరు పిల్ల:

అందరికీ థ్యాంక్స్. నర్సమ్మగారూ, నిద్ర సరిగ్గా పట్టడం లేదు. గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.

కూలి చేతిలో పెట్టారన్న మాట చదివి లేచి వంటింట్లోకి వెళ్లాను. నాన్న ఐసీయూలో ఉన్నన్నాళ్లూ సంఘంలో ఒకావిడ రోజూ రాత్రి తొమ్మిదింటికి రెండు బస్సులు మారి అన్నం తెచ్చేది. ఎప్పుడూ సాక్ష్యం చెప్పగా చూడలేదు, వెనక వరసలో కూర్చుంటుంది. నేను తినేదాకా పక్కనే కూర్చుని, ప్రార్థన కూడా చేయకుండా, చివరి బస్సుకు వెళ్లిపోయేది. ఆవిడ స్టీలు క్యారేజీ ఒకటి మా అల్మారాలో ఇంకా అలాగే ఉంది. ఏడాదయింది, తిరిగివ్వలేదు.

ఈ ఆదివారం తీసుకెళ్తాను. ఖాళీగా ఇవ్వకూడదనేది మా అమ్మ. ఆవిడ ఏం తింటుందో కూడా నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు.