డాబా మీద కుక్కను కట్టేస్తున్నారు, స్టేషన్‌లో కేసు తీసుకోవడం లేదు. ఏం చేయాలి?

మాది గుంటూరు. పక్కింటి డాబా మీద ఒక కుక్కను మార్చి రెండో వారం నుంచి రోజూ ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా కట్టేస్తున్నారు. గొలుసు రెండడుగులు కూడా ఉండదు. నీడ లేదు, నీళ్ల గిన్నె చాలా రోజులు ఖాళీగానే ఉంటోంది. మెడ చుట్టూ బొచ్చు ఊడి పుండు పడింది. తేదీ, టైము కనపడేలా 14 వీడియోలు తీశాను.

ఓనరుతో రెండుసార్లు మాట్లాడాను. "మా కుక్క, మా ఇష్టం" అన్నారు. 112కి ఫోన్ చేస్తే కానిస్టేబుల్ వచ్చి చెప్పి వెళ్లారు, రెండు రోజులు విప్పి మళ్లీ కట్టేశారు. మున్సిపాలిటీ వాళ్లు పెంపుడు కుక్క మా పరిధి కాదన్నారు. స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇస్తే, ఇది ఎఫ్‌ఐఆర్ కేసు కాదు, కోర్టుకెళ్లమన్నారు. రసీదూ ఇవ్వలేదు.

నేను చదివినంతలో 1960 జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11లో పొట్టి గొలుసు, తిండీ నీళ్లూ నీడా ఇవ్వకపోవడం రెండూ నేరాలే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే, అది వేరే బాధ. కానీ ఇవి నాన్ కాగ్నిజబుల్, మెజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. పైగా సెక్షన్ 36 ప్రకారం మూడు నెలల్లోపే కేసు వేయాలి. అదే టెన్షన్.

లాయర్ లేకుండా ఇలాంటి కేసులో మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లినవాళ్లు చెప్పండి: బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 174 కింద దర్యాప్తు ఆర్డర్ అడగాలా, 223 కింద నేరుగా ప్రైవేటు ఫిర్యాదు వేయాలా?