కోడ్ రాసి, వచ్చిన 500 బొమ్మల్లోంచి ఒకటి ఏరుకుంటే అది మనం గీసినట్టేనా?

చుక్కలలెక్క (హన్మకొండ):
మా దగ్గర ఒక చిత్రకళా ప్రదర్శనకు నేనిచ్చిన బొమ్మను తిప్పి పంపారు. "ఇది మీరు గీసింది కాదు, కంప్యూటర్ గీసింది" అన్నారు. రెండు రోజులు ఏ పని మీదా మనసు పెట్టలేకపోయా, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నేను చేసిందేంటో చెప్తా. మా అమ్మ పొద్దున్నే వాకిట్లో సాన్పి చల్లి వేసే మెలికల ముగ్గు ఒకటుంది, 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకు. మొత్తం 169 చుక్కలు. దాన్ని పీ5 జేఎస్‌లో, అంటే కోడ్‌తో బొమ్మలు గీసే ఒక ఉచిత టూల్‌లో, రాశాను. పక్కపక్క చుక్కల మధ్యకు వచ్చిన గీతకు రెండే దార్లు, అవతలికి దాటడం లేదా మెలిక తిరిగి ఇవతలే ఉండిపోవడం. ఆ నిర్ణయం రాండమ్‌కి, అంటే కంప్యూటర్ వేసే లాటరీకి, వదిలేశా. కానీ సగం సగం పెడితే ముగ్గు తునకలవుతుంది, ఎక్కడ చూసినా చిన్న చిన్న సున్నాలే. అన్ని చోట్లా దాటనిస్తే ఉత్త జల్లెడ. నడుమ చిక్కగా, అంచుకు పోయేకొద్దీ వదులుగా ఉండేలా ఆ పాళ్లు కుదరడానికి నాకు మూడు వారాలు పట్టింది. తర్వాత 500 సార్లు రన్ చేసి ఒకటి ఏరుకున్నా. ఇందులో నా పని లేదంటారా?

నకాషీగీత (చేర్యాల):
తమ్మీ, బాధపడకు గానీ నాకు తోచింది చెప్తా. మేం చేర్యాల నకాషీ బొమ్మలు గీసేటోళ్లం, ఖాదీ బట్టకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి ఆరబెట్టి, ఆ తర్వాత కుంచె ముడతాం. అప్పుడొక గీత పక్కకు పోయిందనుకో, బట్ట పారేయలేం కదా. ఆ గీతను కలుపుకొని చెయ్యి ముందుకు పోవాలి, బొమ్మ మొహం తీరే మారిపోతుంది ఒక్కోసారి. నువ్వేమో 499 పారేసినవ్, ఒక్కదానికీ పైసా నష్టం లేదు. నష్టం లేని చోట చెయ్యి ఎట్లా కుదురుతుంది? నా అభ్యంతరం కంప్యూటర్ మీద కాదు, ఆ ఏరుకోవడం మీద.

పాతలైబ్రరీ (కాజీపేట):
ఈ పంచాయితీ అరవై ఏళ్ల నాటిది. గియోర్గ్ నీస్ అనే జర్మన్ ఆయన 1965లో స్టుట్‌గార్ట్‌లో కంప్యూటర్ బొమ్మలు గోడకు పెట్టినప్పుడూ కళాకారులు ఇట్లాగే మండిపడ్డారు. ఆయనదే 1968 నాటి షాటర్ అనే బొమ్మ చూడండి. అడ్డంగా 12, నిలువుగా 22 చతురస్రాలు. పైవరసలో బుద్ధిగా నిలబడ్డవి కిందికి దిగేకొద్దీ పక్కకు ఒరిగి, తిరిగి, చివరికి చెల్లాచెదురవుతాయి. ఎంత ఒరగాలో రాండమ్ తేల్చింది, కిందికి పోయేకొద్దీ ఒరుగుడు పెరగాలన్నది మాత్రం ఆయన ఆలోచన. వేరా మోల్నార్ అనే చిత్రకారిణి అయితే 1968లో కంప్యూటర్ దొరక్కముందే దాదాపు పదేళ్లు నియమాలు రాసుకుని, వాటి ప్రకారం చేత్తో గీసింది. మన పక్క మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ వాళ్లు 1970ల్లోనే కోలాలకు, అంటే తమిళుల ముగ్గులకు, వ్యాకరణంలా గీసే నియమాలు రాశారు. చుక్కలలెక్క గారు చేసింది ఆ దారిలోదే.

మగ్గంగుంట (కొత్తవాడ):
ఇదంతా ఏఐ బొమ్మే కదా, రెండు ముక్కలు టైప్ చేస్తే వచ్చేస్తది. మా నాయిన దర్రీ నేసేటప్పుడు గ్రాఫ్ కాగితం ఎవరో గీసిస్తారు, నడుం వంగిపోయేది మాత్రం మా నాయినది. మెచ్చుకునేటోళ్లు డిజైన్‌నే మెచ్చుకుంటారు. కోడ్ రాసినోళ్లకి కూడా అదే పేరు రావాలనడం నాకు మింగుడు పడటం లేదు.

చుక్కలలెక్క:
అన్నా, ఏఐ కాదు. ఇతరుల బొమ్మలు ఒక్కటీ ఇందులోకి పోలేదు. ప్రతి లైనూ నేను టైప్ చేసిందే, రాండమ్ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే సీడ్ నంబర్ ఒకటుంటుంది, అది 4127 ఇస్తే ఇవాళైనా వచ్చే ఏడాదైనా సరిగ్గా ఆ ముగ్గే వస్తుంది. మీ నాయిన గారి పేరు సంగతి మాత్రం నిజం, దర్రీ మీద నేసినవాళ్ల పేరు కూడా ఉండాలి. దాని మీద నేను వాదించను.

నకాషీ అక్కా, నీ మాట రాత్రంతా తిరిగింది బుర్రలో. నష్టం లేదన్నావు చూడు, దానికి జవాబు వెతికా. ఆర్ట్ బ్లాక్స్ అని కోడ్ బొమ్మలు అమ్మే వెబ్‌సైట్ 2020లో మొదలైంది, అక్కడ ఏరుకోవడం ఉండదు. కొన్నప్పుడు ఏ సీడ్ పడితే ఆ బొమ్మే ఖాయం. టైలర్ హాబ్స్ అనే కళాకారుడు 2021లో ఫిడెంజా అనే కోడ్ అట్లా వదిలాడు, 999 బొమ్మలు, ఒక్కటి కూడా వెనక్కి తీసుకునే వీల్లేదు. అంటే 999 సార్లూ నిలబడేలా నియమం రాయాలి.

నకాషీగీత:
అట్లయితే ఒప్పుకుంటా. నీది అట్లా నిలబడుతుందా మరి? నేనొక నంబర్ చెప్తా, 86. ఏది వస్తే అదే ఇక్కడ పెట్టు.

చుక్కలలెక్క:
పెట్టాను అక్కా, కింద ఉంది. నడుమ బాగానే కుదిరింది గానీ కుడి అంచున, మూడో వరసలో, గీత తెగి రెండు సున్నాలుగా విడిపోయింది. అమ్మ ఫోన్‌లో చూడగానే వేలు సరిగ్గా అక్కడే పెట్టింది. ఇంకో పది నంబర్లు వేస్తే మూడింట్లో అదే తప్పు. 4127 ఏరుకున్నప్పుడు ఈ తప్పు నా కంట పడనే లేదు. అంచు నియమం మళ్లీ రాస్తున్నా. ఆదివారం ఇంకో నంబర్ చెప్పు.