19వ తేదీకే 300 జీబీ అయిపోయిందంట. కంప్యూటర్లో ఎంత వాడినామో చూసేదెట్లా?

కమలానగర్ కంపోజర్ (అనంతపురం)

అన్నలూ, ఇంట్లోనే డీటీపీ పని చేసుకుంటా. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఫ్లెక్సీలు. లోకల్ కేబులాయన దగ్గర ఫైబర్ నెట్ పెట్టించినా. నెలకు 300 జీబీ, అది దాటితే స్పీడు 2 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. ఈ నెల 19వ తేదీ పొద్దన్నే కోటా అయిపోయిందని మెసేజ్. ఫోన్ చేస్తే ఆఫీసు పిల్లోడు "మీరు వాడింటేనే కదన్నా అయిపోయేది" అంటాడు. నేను వాడేదేముంది? అను ఫాంట్స్‌లో పత్రిక కొడితే ఫైలు పట్టుమని పది ఎంబీ ఉండదు. పార్టీకి వాట్సాప్‌లో ప్రూఫ్, ప్రెస్సుకు మెయిలు. పని చేస్తా యూట్యూబ్‌లో పాటలు పెట్టుకుంటా, అంతే. ఆయప్ప మీటరు మీద నాకు నమ్మకం పోయింది. మన లెక్క మనమే చూసుకునే దారి ఏమన్నా ఉందా? విండోస్ 11. డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్ చెప్పొద్దండి.

పొద్దుటూరు పిన్ని

ఏదీ కొనే పన్లేదు, విండోస్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, దాని కింద అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, అందులో డేటా యూసేజ్. గడిచిన 30 రోజుల్లో ఏ ప్రోగ్రాం ఎంత లాగిందో వరసగా చూపిస్తుంది.

తిరకాసు ఎక్కడంటే, వైఫైది వేరే, ఈథర్నెట్‌ది (అంటే వైరుది) వేరే చూపిస్తుంది. మా ఇంట్లో ఎలుక వైరు కొరికేసి రెండు వారాలు వైఫై మీద నడిపినాం. నేను ఒకటే చూసి "ఇంతేనా" అని సంబరపడినా. రెండూ కూడుకోవాల. ఇంగ ఆ 30 రోజులు ఈ రోజు నుంచి వెనక్కి లెక్క, మీ బిల్లు తేదీతో దానికి పనిలేదు. అక్కడే లిమిట్ పెట్టుకునే చోట మంత్లీ అని ఎంచుకుని మీ ప్లాన్ మొదలయ్యే తేదీ ఇచ్చుకోండి, అప్పుడు ఆపరేటర్ నెలా మీ నెలా ఒకటవుతాయి.

క్రోమ్ మాత్రం మొత్తం ఒకే వరసలో కనబడుతుంది. యూట్యూబ్ ఎంత, మెయిలెంత అని విడదీసి చెప్పదు. మాది ఇప్పుడు ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు 2 జీబీ. అందుకే ఆ వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేసి పెట్టినా. చాలా అప్‌డేట్లు వాటంతట అవి దిగకుండా ఆగుతాయి.

బురుజు పక్కోడు (కర్నూలు)

పిన్ని చెప్పింది సరే గానీ, అది ఆ ఒక్క కంప్యూటర్ లెక్క. ఇంట్లో టీవీ, ఫోన్లు అన్నీ ఆపరేటర్ మీటర్లోనే తిరుగుతాయి. డౌన్‌లోడే కాదు, మామూలుగా అప్‌లోడ్ కూడా కలుపుతారు.

లెక్క చూడండి. స్పీడు (ఎంబీపీఎస్) బిట్లలో చెప్తారు, కోటా (జీబీ) బైట్లలో. 8 బిట్లయితే ఒక బైటు. 5 ఎంబీపీఎస్‌తో వీడియో ఆడితే గంటకు 2.25 జీబీ. రోజుకు నాలుగు గంటలంటే 9 జీబీ, నెలకు 270. మీ కోటా టీవీ ఒక్కటే తినగలదు. రౌటర్ పేజీలో కూడా కొన్నిట్లో కౌంటర్ ఉంటుంది, బ్రౌజర్లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ కొడితే వస్తుంది. కానీ కరెంటు పోయి వస్తే చానా రౌటర్లలో అది సున్నా నుంచి మొదలు. మన ఊర్లలో దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు.

ఆపరేటర్ సైట్లో మొత్తం కనబడుతుంది కదా? రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దన లేస్తానే ఒకసారి రాసుకోండి. కంప్యూటర్ ఆపేసుండాల.

కమలానగర్ కంపోజర్ (అనంతపురం)

అప్పుడే చూసినా. 30 రోజులకు ఈథర్నెట్ 46, వైఫై 3. మొత్తం 49 జీబీ. అందులో క్రోమే 38! నా పాటలు ఇంత తింటాయని అనుకోలేదు. క్వాలిటీ 144కు తగ్గించినా, వినేదానికి బొమ్మెందుకు? అయినా 300కి 49 యాడ? ఒకటో తేదీ ప్లాన్ మారినాక రాత్రి లెక్క రాస్తా.

కమలానగర్ కంపోజర్ (అనంతపురం)

ఈ రోజు 4వ తేదీ. గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసినా. రాత్రి పదిన్నర నుంచి పొద్దన ఆరు దాకా, కంప్యూటర్ ఆఫ్, ఫోన్లలో వైఫై ఆఫ్. మొదటి రాత్రి 11 జీబీ, రెండో రాత్రి 10, మళ్ళీ 11. ఇంట్లో ఎవురూ మేలుకోనుండరు!

నిన్న తెల్లారుజాము నాలుగున్నరకు నీళ్ళొస్తే మోటరు వేసేదానికి లేచినా. హాల్లో చీకట్లో టీవీ వెనకాల చిన్న నీలం లైటు. చెయ్యి పెట్టి చూస్తే సెట్‌టాప్ బాక్సు ఇస్త్రీ చేసిన చొక్కా మాదిరి వెచ్చగా ఉంది. టీవీ వేస్తే హరికథ నడుస్తా ఉంది, మంచి రసపట్టులో.

సంగతేమంటే మా నాయన రాత్రి యూట్యూబ్‌లో హరికథ పెట్టుకుని నిద్రపోతాడు. మా ఇంటామె టీవీ రిమోట్‌తో టీవీ ఆర్పేస్తుంది. బాక్సు ఆరదు, దాని రిమోట్ వేరే! ఒకటైనాక ఒకటి అదే ఆడుకుంటా పోతుంది, తెరే నల్లగా ఉంటుంది. బురుజన్న లెక్క తిప్పేసి చూసినా, ఏడున్నర గంటల్లో 11 జీబీ అంటే 3.3 ఎంబీపీఎస్ దగ్గర. 19 రాత్రులకు 209. మిగతా 91లో నా పాటలు, ఫోన్లు, పగలు చూసే సీరియళ్ళు.

బురుజు పక్కోడు (కర్నూలు)

యూట్యూబ్‌లో ఆటోప్లే ఆఫ్ చేయండి. ఒక కథ అయితే అక్కడికి ఆగుతుంది. రిమోట్ల గొడవ మీ ఇంటామెకు చెప్పేకన్నా అదే నయం.

పొద్దుటూరు పిన్ని

ఆ ఆఫీసు పిల్లోనికి ఫోన్ చేసినావా మరి?

కమలానగర్ కంపోజర్ (అనంతపురం)

ఆటోప్లే తీసేసినా. రాత్రి 0.3 జీబీ. పిల్లోనికి ఇంగా చేయలేదు పిన్నీ, ఆ రోజు కొంచెం గట్టిగానే అరిచినా.