తెల్లవారుజామున లేవకపోతే అది ధ్యానం కాదా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
అందరికీ వందనాలు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నెలలో సగం రోజులు రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా డ్యూటీ. మొన్న గృహకూటంలో (ఇంట్లో జరిగే ప్రార్థన కూడికలో) రోజూ బైబిల్ చదివి ప్రార్థించే ధ్యానం గురించి మాట్లాడుతూ ఒక పెద్దాయన "నాలుగింటికి లేచి మోకరించనివాళ్ల దీపంలో నూనె లేనట్టే" అన్నారు. అంటూ నా వైపే చూశారు. నాలుగింటికి నేను ఐసీయూలో ఎవరికో సక్షన్ చేస్తూ (గొంతులో కఫం తీస్తూ) ఉంటాను. ఇంటికొచ్చే బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడియో బైబిల్ వింటాను, ఒక్కోసారి కునుకు పడుతుంది. యాప్‌లో వరుసగా 112 రోజులు వచ్చింది. పోయినవారం ఒక్క రోజు తప్పేసరికి మళ్లీ 1 చూపించింది. నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది. నేను చేసేది ధ్యానమేనా, కాదా?

మాస్టారు_తెనాలి:
సిస్టర్, మీ కష్టం అర్థమైంది. కానీ వాక్యం స్పష్టంగా ఉంది. మార్కు సువార్త 1:35లో యేసు ప్రభువు "పెందలకడనే లేచి" అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించారు. ముందురోజు సాయంత్రం పట్టణమంతా ఆ ఇంటి వాకిట్లోనే ఉంది. అలసట ఆయనకూ ఉండి ఉంటుంది, అయినా లేచారు. నేను 1986 నుంచి నాలుగున్నరకు లేస్తున్నాను. ముఖం కడుక్కుని, చాప వేసుకుని, ఒక కీర్తన, పాతనిబంధనలో రెండు అధ్యాయాలు, కొత్తనిబంధనలో ఒకటి, ఆ తర్వాత ప్రార్థన. సెల్‌ఫోన్ ఆ గదిలోకి రాదు. దేవునికి ప్రథమ ఫలం ఇవ్వాలి గానీ మిగిలింది కాదు.

పొన్నూరు_బ్రదర్:
ఆమెన్ మాస్టారూ.

అధ్యాయం_1189:
టైమ్ గొడవ పక్కన పెట్టండి. లెక్క ముఖ్యం. బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజుకు 3, ఆదివారం 5 చదివితే ఏడాదిలో అయిపోతుంది, పైగా ఓ పది మిగులు. ఎప్పుడు చదివినా పర్లేదు, లెక్క తప్పకూడదు.

గోదావరి_గట్టు:
అధ్యాయాలు లెక్కపెట్టడమేంటండీ? ఆ విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, పౌలుకే తెలియదు. 117వ కీర్తనకు రెండు వచనాలు, 119కి 176. రెండూ మీ లెక్కలో ఒకటేనా? సంఖ్యాకాండం 7లో 89 వచనాలు, పన్నెండు గోత్రాలకూ అవే వెండి గిన్నెలు. అది పరుగెత్తుతూ చదివి టిక్ పెట్టుకుంటే ఏం మిగులుతుంది?

అధ్యాయం_1189:
కనీసం చదివినట్టు ఉంటుంది. మీలా రోజుకొక వాట్సాప్ వాగ్దానం చదివితే అదీ ఉండదు.

గోదావరి_గట్టు:
నేను వాట్సాప్ అని ఎప్పుడన్నాను?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
మాస్టారూ, పౌలు సీలలు జైల్లో మధ్యరాత్రి పాడారు. లూకా 6:12లో ప్రభువు రాత్రంతా ప్రార్థనలో గడిపారు. మరి అది?

మాస్టారు_తెనాలి:
అవి సందర్భాలమ్మా. నేను మాట్లాడేది అలవాటు గురించి. శిష్యుల్ని ఎన్నుకునే ముందు ఒక రాత్రి, జైల్లో ఒక రాత్రి. రోజూ కాదు.

సండేస్కూల్_బెంచీ:
లూకా 22:39 చూడండి. "తన వాడుక చొప్పున" ఒలీవల కొండకు వెళ్లారని ఉంది. అది రాత్రి భోజనం అయ్యాక. "వాడుక" అన్న మాట రాత్రికే పడింది సార్.

మాస్టారు_తెనాలి:
లూకా 4:42 కూడా చూడండి. ఉదయమైనప్పుడు అరణ్య ప్రదేశానికే వెళ్లారు.

సండేస్కూల్_బెంచీ:
అక్కడ ప్రార్థన అన్న మాటే లేదు.

మాస్టారు_తెనాలి:
మరి ఎందుకు వెళ్లారంటారు, షికారుకా?

కొత్తగూడెం_తమ్ముడు:
నా అనుభవం ఒకటి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో "ఈ ఏడాది బైబిల్ పూర్తి చేయనివాళ్లు లేవండి" అన్నారు. నేను లేచాను. పక్కనే కొత్తగా పెళ్లయిన నా భార్య, అటుపక్క మా అత్తగారు. ఆ మరుసటి ఏడు పూర్తి చేశాను. చదివినదాంట్లో ఒక్క ముక్క గుర్తులేదు. నిలబడింది మాత్రం గుర్తుంది.

గోదావరి_గట్టు:
మాస్టారూ, ఒక్క ప్రశ్న. నాలుగున్నరకు మీరు చాప వేసుకున్నాక టీ ఎవరు పెడతారు?

మాస్టారు_తెనాలి:
దానికీ దీనికీ సంబంధం ఏమిటమ్మా? విషయం మీదే మాట్లాడండి.

గోదావరి_గట్టు:
అదే విషయం. మా నాన్న కూడా మీలాగే. ముప్పై ఏళ్లు ఒక్క ఉదయం తప్పలేదని సంఘంలో సాక్ష్యం చెప్పేవారు. ఆయన గది తలుపు వేసి ఉండేది, పిల్లలం గట్టిగా దగ్గినా అమ్మ మా నోరు మూసేది. అమ్మ అప్పటికే లేచి, కట్టెల పొయ్యి ఊది, నీళ్లు కాచి, నలుగురికి క్యారేజీలు కట్టేది. సామెతలు 31:15లో గుణవతి "చీకటితోనే లేచి" ఇంటివారికి భోజనం సిద్ధం చేస్తుంది కదా, ఆ వచనం మాత్రం అమ్మకు ఇచ్చారు. మార్కులో చీకటి నాన్నకు, సామెతల్లో చీకటి అమ్మకు. అమ్మ బైబిల్ తెరిచేది మధ్యాహ్నం, బియ్యం ఏరుతూ, చాట పక్కన పెట్టుకుని. పేజీల మధ్య ఊక ఉండేది. ఎవరూ దాన్ని క్వైట్ టైమ్ అనలేదు, ధ్యానం అనలేదు. ఈ సిస్టర్‌ని "మిగిలింది ఇస్తున్నావు" అంటుంటే నాకు ఆ చాటే గుర్తొచ్చింది.

పొన్నూరు_బ్రదర్:
పెద్దల్ని గౌరవించి మాట్లాడటం నేర్చుకోండి సిస్టర్.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
గౌరవంగానే అడిగారు కదా బ్రదర్. నాకూ అదే అడగాలని ఉంది.

మాస్టారు_తెనాలి:
సరే. టీ మా ఆవిడే పెడుతుంది. ఆమె ప్రార్థన ఎప్పుడు చేసుకుంటుందో నేను అడగలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ మీరు ఇంకొకటి వినాలి. 1986 నుంచి అన్నాను గానీ మధ్యలో ఆరేళ్లు లేదు. 1994లో ట్రాన్స్‌ఫర్ అయింది, పొద్దున్నే బస్సు. "సాయంత్రం చేసుకుందాంలే" అనుకున్నాను. దేవుణ్ణి కాదనుకోలేదు, గొడవపడలేదు. సాయంత్రం కాస్తా వారానికొకసారి అయింది, తర్వాత ఆదివారమే, తర్వాత ఆదివారం కూడా పేపరే చదివేవాణ్ని. మీరు "ఎప్పుడైనా పర్లేదు" అంటే నాకు ఆ బస్సు గుర్తొస్తుంది. మీకు సందు దొరికితే మీరు నిలబడతారేమో. నేను నిలబడలేదు.

సండేస్కూల్_బెంచీ:
అయితే అది మీ మందు సార్. అందరికీ అదే చీటీ రాయకండి.

మాస్టారు_తెనాలి:
మందు లేకుండా బతుకుతామనేవాళ్లని కూడా చాలామందిని చూశాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
మాస్టారూ, మీ మాట మొదటిసారి అర్థమైంది. టైమ్ మాత్రం ఒప్పుకోను. ఇవాళ యాప్‌లో ఆ వరుస లెక్క కనిపించకుండా తీసేశాను. 119వ కీర్తన హీబ్రూ అక్షరాల వరుసలో ఎనిమిదేసి వచనాలుగా ఉంటుంది కదా, 22 భాగాలు. రాత్రి మూడింటికి రౌండ్ అయ్యాక పావుగంట దొరుకుతుంది. ఒక భాగం కాగితం మీద రాసుకుని యూనిఫాం జేబులో పెట్టుకుంటున్నాను. నిన్న బేత్, రెండో అక్షరం భాగం. మధ్యలో మానిటర్ మోగింది, నాలుగు వచనాలే అయ్యాయి. మిగతా నాలుగు ఈ రాత్రికి.

అధ్యాయం_1189:
అలా చదివితే బైబిల్ పూర్తయ్యేది ఎప్పటికి?

గోదావరి_గట్టు:
మాస్టారూ, ఆవిడని అడిగారా?